షోకేసులో సావిత్రి

పెట్టె మూత తీయగానే ముందు వాసన వచ్చింది. టర్పెంటైను, అందులో కరిగిన గుగ్గిలం, వాటి అడుగున ఎక్కడో సన్నగా ఫోటోలు కడిగే హైపో మందు. ఇన్నేళ్ళు మూతపడి ఉన్న చెక్కపెట్టెలో ఆ వాసన ఇంకా బతికే ఉంది. మూత రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. వంటింట్లోంచి అత్తయ్య "దొరికిందా అమ్మాయ్?" అని కేకేసింది. దొరికింది అత్తయ్యా అనడానికి గొంతు పెగల్లేదు.

మామయ్య పోయి ఏడాది అయింది. సంవత్సరీకానికి తెనాలి వెళ్ళాను. ఇల్లు అమ్మకానికి పెట్టారు. అత్తయ్య బావ దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోతోంది. "స్టూడియో సామాను ఎవరికీ అక్కర్లేదంటున్నారు. నీకు కావలసింది తీసుకుపో తల్లీ, మిగతాది పాత సామాన్లవాడికి వేసేస్తాం" అంది. మామయ్య పెట్టెలో ఏముంటుందో నాకు చూడకుండానే తెలుసు. సూదుల్లా చెక్కిన పెన్సిళ్ళు, అడుగున గడ్డకట్టిన మీడియం సీసా, పిడి విరిగిన భూతద్దం, పాత ఆంధ్రపత్రిక కాగితాల్లో చుట్టిన హాఫ్ ప్లేటు నెగటివులు. అన్నిటికంటే కింద, వెన్నకాగితం చుట్టి, అట్టముక్కల మధ్య జాగ్రత్తగా పెట్టిన ఒక పెద్ద ఫోటో. అదేమిటో విప్పకుండానే పోల్చుకున్నాను. దాన్ని మాత్రం వెంటనే విప్పలేదు.

*

మామయ్య స్టూడియో బోసురోడ్డు మీద ఉండేది. వీధివైపు గాజు షోకేసు. అందులో పెళ్ళిజంటలు, బారసాల పిల్లలు, పట్టా పుచ్చుకున్న నల్లకోటు కుర్రాళ్ళు. వాళ్ళందరి మధ్య, కొంచెం ఎత్తుగా, సావిత్రి.

నలుపు తెలుపు ఫోటో, పన్నెండు అంగుళాలకి పదిహేను. సినిమాలోది కాదు, ప్రచారం కోసం విడిగా కూర్చోబెట్టి తీసింది. తల కొంచెం ఎడమకి వాల్చి, చెవి వెనక మల్లెలు వెలుగులో తడిసినట్టుంటే, చూపు మన భుజం మీదుగా వెనకున్న ఎవరినో చూస్తున్నట్టుండేది. బడికి వెళ్ళేటప్పుడు నేను వెనక్కి తిరిగి నా వెనక ఎవరున్నారా అని చూసుకునేదాన్ని. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు ఆ షోకేసు అద్దంలో కొప్పు సర్దుకుంటూ, సర్దుకుంటూనే ఆగి ఆ ముఖం చూసేవారు. సావిత్రి పుట్టిన చిర్రావూరు మా గుంటూరు జిల్లాదే. "మన జిల్లా పిల్ల" అనేవాడు మామయ్య, సొంత చెల్లెలి గురించి చెప్పినట్టు.

పెళ్ళిచూపులకి ఫోటో పంపాలని ఆడపిల్లల్ని తీసుకొచ్చేవారు. తండ్రి బెంచీ మీద కూర్చునేవాడు. తల్లి గుమ్మంలోనే షోకేసు వైపు చెయ్యి చూపించి "అట్లా రావాలండీ" అనేది. ఎవరూ పేరు చెప్పేవారు కాదు. అవసరం ఉండేది కాదు.

"అట్లాగే తీద్దామమ్మా" అనేవాడు మామయ్య. ఆ మాటను ఆయన తేలిగ్గా అనలేదని నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. పిల్లను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ముందు ఒక్క దీపమూ వెయ్యకుండా, ఊరు, చదువు, తమ్ముళ్ళ పేర్లు అడుగుతూ చుట్టూ తిరిగేవాడు. ఆ తిరగడంలోనే ముఖం ఏ వైపు బాగుందో చూసుకునేవాడు. తరవాత రేకు డిప్పల్లో ఉన్న పెద్ద బల్బులు ఒక్కొక్కటే వెలిగేవి. గది క్షణాల్లో పొయ్యిలా వేడెక్కేది. పౌడరు మీద చెమట చుక్కలు పొడిస్తే అత్తయ్య మెత్తటి గుడ్డతో అద్దేది, తుడిచేది కాదు.

మామయ్య నల్లగుడ్డ కింద తల దూర్చేవాడు. నేను బాగా చిన్నదాన్నిగా ఉన్నప్పుడు నన్ను ఎత్తుకుని ఆ గుడ్డలోకి తీసుకునేవాడు. లోపల చీకటి, ఆయన వక్కపొడి వాసన, ఎదురుగా గరుకు గాజు మీద తలకిందులుగా వేలాడుతున్న పెళ్ళికూతురు. మల్లెలు కింద, పాదాలు పైన. బయట ఎర్రచీర ఎంత ఎర్రగా ఉన్నా ఆ గాజు మీద మాత్రం మసకమసకగా, నీళ్ళలో వేసిన రంగులా మెత్తగా కనిపించేది. "చూశావా, అక్కడ కూర్చున్న పిల్ల వేరు, ఇక్కడ కూర్చున్న పిల్ల వేరు" అనేవాడు గుసగుసగా. ఆ తరవాత గుడ్డలోంచి బయటికి వచ్చి కెమెరా నొక్కే రబ్బరు బుడ్డి చేతిలోకి తీసుకుని, "గడ్డం ఒక్క నూలు దించమ్మా. ఊపిరి పట్టు. అంతే" అనేవాడు. ఆ "అంతే"కి ముందుండే నిశ్శబ్దంలో బయట బోసురోడ్డు కూడా ఆగిపోయినట్టుండేది.

*

సావిత్రి ఫోటో మామయ్య మద్రాసు నుంచి తెచ్చుకున్నది.

పెళ్ళికి ముందు ఆయన అయిదారేళ్ళు కోడంబాకంలో ఒక స్టిల్ ఫోటోగ్రాఫరు దగ్గర డార్క్‌రూము కుర్రాడిగా పనిచేశాడు. తెలుగు సినిమాకి అప్పుడు మద్రాసే ఇల్లు. విజయా సంస్థ నుంచి 1951లో పాతాళభైరవి, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్ వచ్చిన కాలం అది. మిస్సమ్మలో ముందు అనుకున్నది భానుమతిని, ఆ వేషం సావిత్రికి రావడంతో ఆమె దశ తిరిగిందన్న సంగతి నేను మొదట విన్నది ఏ పత్రికలోనూ కాదు, రాత్రి భోజనాల దగ్గర మామయ్య నోటనే.

మేమంతా హాలు బయట గాజు పెట్టెల్లో అంటించే ఫోటోలు సినిమాలోంచి కత్తిరించిన ముక్కలనుకునేవాళ్ళం. కాదని చెప్పేవాడు. షాటు ఓకే అయ్యాక దర్శకుడు "స్టిల్!" అని కేక పెడతాడు. నటులు కదలకుండా అదే భంగిమలో ఉంటారు. సినిమా కెమెరా పక్కకి జరుగుతుంది, స్టిల్ ఫోటోగ్రాఫరు తన కెమెరాతో ఆ చోట నిలబడతాడు. అంతవరకు ఏడుస్తున్నామె ఆ ఏడుపును ముఖం మీద నిలిపి ఉంచాలి. గుక్క ఉండదు, కన్నీరు మాత్రం ఉంటుంది. "సినిమాలో లేని క్షణం రా అది. ఫోటో కోసమే నటించిన క్షణం" అనేవాడు. అందుకే ఆ స్టిల్స్ సినిమా కంటే ఎక్కువ కాలం గుర్తుండిపోతాయని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం. మాయాబజార్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా కళ్ళు మూసుకుంటే ముందు వచ్చేది కదిలే శశిరేఖ కాదు, నిలిచిన శశిరేఖ.

ఆ పనివాళ్ళ పేర్లు ఎవరికీ పట్టేవి కావు. టైటిళ్ళలో "స్టిల్స్" అని ఒక చిన్న వరుస వస్తుంది, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉండగానే పోతుంది. ఆర్.ఎన్.నాగరాజరావు అనే పేరు వచ్చినప్పుడల్లా మామయ్య చీకట్లో నా మోచెయ్యి నొక్కేవాడు. బొంబాయి దాదరులో ఇండియా ఫోటో స్టూడియో పెట్టి నర్గీస్, మీనాకుమారి లాంటివాళ్ళని వెలుగు నీడల్లో తీర్చిన జె.హెచ్.ఠక్కర్ అనే ఆయన ఉన్నారని నేను తెలుసుకునేసరికి నాకు నలభై దాటాయి. ఆ ఫోటోలు మామయ్యకు చూపించాను. చాలాసేపు చూసి "దీపం పైనుంచి పెట్టాడు, చూడు ఎంత ధైర్యమో" అన్నాడు. నర్గీస్ గురించి ఒక్క మాటా అనలేదు.

సినిమా విడుదలకు ముందు డార్క్‌రూములో రాత్రీ పగలూ ఉండేది కాదట. బెజవాడ గాంధీనగరం పంపిణీ ఆఫీసులకు, అక్కడినుంచి ఊరూరి హాళ్ళకు వెళ్ళాల్సిన ప్రింట్లు వందల్లో తీయాలి. ఎర్ర దీపం కింద డెవలపరు తొట్టిలో తెల్ల కాగితం ఊపుతూ ఉంటే ముందు కనుబొమలు వచ్చేవట, తరవాత జుట్టు, ఆ తరవాత పెదవులు. బుగ్గలు అన్నిటికంటే ఆలస్యం. "రోజుకి వందసార్లు ఆవిడ నా చేతిలో పుట్టేది" అనేవాడు.

షోకేసులోని ఫోటో అలాంటి ఒక రాత్రి తీసిన ప్రింటే. నలుపు ఎక్కువైందని యజమాని పక్కన పడేశాడు. మామయ్య అడిగి తెచ్చుకున్నాడు. తాతయ్య పోయి తెనాలికి తిరిగి రావలసి వచ్చినప్పుడు, ఇనప్పెట్టెలో రెండు పంచెల మధ్య పెట్టుకుని రైలెక్కాడు. అది పనికిరాదని తోసేసిన ఫోటో అని షోకేసు ముందు ఆగిన ఏ ఒక్కరికీ ఎప్పుడూ తోచలేదు.

*

ఎలా తీశారో తెలుసుకోవాలంటే కళ్ళలోకి చూడమనేవాడు. "దీపాలు ఎక్కడ పెట్టాడో ఎవరినీ అడగక్కర్లేదు. కంటిపాప మీద చుక్కలు లెక్కపెట్టు. ఎన్ని చుక్కలుంటే ఎదర అన్ని దీపాలు. చుక్క పైనుంటే దీపం పైన. పక్కనుంటే పక్కన. తరవాత ముక్కు నీడ చూడు."

మద్రాసులో ఆదివారం సెలవు దొరికితే మూర్ మార్కెట్‌కి వెళ్ళి పాత అమెరికను సినిమా పత్రికలు కొనేవాడట. అణాకి రెండో మూడో. అట్టలు చిరిగి, మనుషుల పేర్లు లేని పేజీలు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయిందని విన్న రోజు ఆయన మధ్యాహ్నం స్టూడియో తియ్యలేదు. ఆ పేజీల్లోంచి కత్తిరించినవి రెండు డార్క్‌రూము తలుపు లోపలివైపు అంటించి ఉండేవి. ఒకామె కళ్ళు సగం మూసుకుని, కనురెప్పల నీడ బుగ్గల మీద పడుతూ ఉండేది. రెండో ఆమె ముక్కు కింద సరిగ్గా సీతాకోకచిలుక ఆకారంలో చిన్న నీడ. మొదటామె గ్రేటా గార్బో, రెండో ఆమె మార్లిన్ డీట్రిక్ అని నాకు కాలేజీకి వచ్చాక తెలిసింది. ఆ నీడ వల్ల దాన్ని సీతాకోకచిలుక వెలుగనే అంటారనీ, డీట్రిక్ ముఖానికి ఆ వెలుగే గుర్తుగా నిలిచిందనీ ఇంకా తరవాత చదివాను. పేరు తెలియకుండానే మామయ్య ఆ వెలుగును బోసురోడ్డులో వాడుతూ వచ్చాడు. గుండ్రని ముఖాలకు అది నప్పదని, కోలముఖాలకే పెట్టాలని కూడా తనంతట తానే కనిపెట్టాడు.

హాలీవుడ్‌లో ఈ విద్యకి మారుపేరైన జార్జ్ హరెల్ గురించి చదివినప్పుడు మామయ్య పక్కనుంటే బాగుండుననుకున్నాను. నార్మా షేరర్ అనే నటిని శృంగార పాత్రలకు పనికిరాదనుకుంటున్నారట, స్టూడియో పెద్ద అయిన ఆమె భర్తతో సహా. ఆమె హరెల్ దగ్గరికి వెళ్ళి ఫోటోలు తీయించుకుని భర్త ముందు పెట్టింది. వేషం వచ్చింది, ఆ వేషానికి ఆస్కారూ వచ్చింది. 1930లో హరెల్ ఎంజీఎం స్టూడియోలో చేరడానికి ఆ ఫోటోలే దారి. తరవాత ఆయన జోన్ క్రాఫర్డ్‌ని మేకప్ లేకుండా, ముఖం నిండా మచ్చలు కనిపించేలా తీశాడు. ఆ మచ్చలన్నిటినీ నెగటివు మీద పెన్సిలుతో గంటల తరబడి పూడ్చి, పాలరాతి బొమ్మలాంటి ముఖం తెచ్చారు. ఈ సంగతి ఫోనులో చదివి వినిపిస్తే మామయ్య అటువైపు నుంచి ఒకటే అడిగాడు: "పూడ్చినవాడి పేరు రాశారా?"

నన్ను షోకేసు ముందు నిలబెట్టి "సావిత్రికి ఎన్ని దీపాలు?" అని అడగడం ఆయనకు అలవాటు. నేను అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టి "మూడు" అనేదాన్ని. "మళ్ళీ చూడు" అనేవాడు. ఎన్నిసార్లు చూసినా మూడే. జవాబు ఏనాడూ చెప్పలేదు.

*

స్టూడియో వెనక గదిలో ఉత్తరపు కిటికీ దగ్గర ఏటవాలు బల్ల. మధ్యలో చతురస్రంగా కోసి గరుకు గాజు బిగించి ఉండేది, కింద ఒక అద్దం. కిటికీ వెలుగు అద్దం మీద పడి గాజులోంచి పైకి వచ్చేది. దాని మీద నెగటివు పెట్టి, పైన నల్లటి అట్ట గొడుగులా కప్పుకుని, మామయ్య పొద్దుటి వేళ అక్కడ కూర్చునేవాడు. వేలుకి దూది చుట్టి, గుగ్గిలం కలిపిన టర్పెంటైనులో అద్ది, నెగటివు మీద గుండ్రంగా రుద్దేవాడు. అలా రుద్దితే గాని పెన్సిలు పట్టదు.

నెగటివులో లోకం తలకిందులు. కళ్ళ కింది నలుపు అక్కడ తెల్లగా, గాజులా ఖాళీగా ఉంటుంది. మొటిమ ఒక చిన్న కిటికీ. ఆ ఖాళీని పెన్సిలు సీసంతో నింపాలి. అప్పుడు ప్రింటులో నలుపు తేలిపోతుంది. పెన్సిలు చెక్కడం పెద్ద పని. అంగుళంన్నర సీసం బయటికి తీసి, గరుకు కాగితం మీద తిప్పి తిప్పి సూదిలా చేసేవాడు. గీత గీస్తే పెద్దది చేసినప్పుడు గీతగానే కనిపిస్తుంది. అందుకని గీత కాదు, కామాల్లాంటి చిన్న చిన్న గుర్తులు, ఒకదాని పక్కన ఒకటి, చర్మం తీరు ఎటు పోతే అటు. బల్ల పక్కన కూర్చుంటే వినిపించేది ఒకటే శబ్దం, బియ్యంలో చీమ పాకినంత. ఒక ముఖానికి గంట. పెళ్ళికూతురైతే రెండు గంటలు. మరీ మెరిసిన చోటును తగ్గించాలంటే బ్లేడు మొనతో గీకాలి. గీకేటప్పుడు మేము గదిలో మాట్లాడకూడదు.

మామయ్యకు కొన్ని నియమాలుండేవి. పుట్టుమచ్చ తియ్యడు. నవ్వితే కంటి కొసన పడే ముడతలో సగమే పూడుస్తాడు. "అంతా పూడిస్తే నవ్వు పెదవులదే అవుతుంది, కళ్ళది కాదు" అని. ఒక తల్లి కూతురి గడ్డం మీది గాయపు మచ్చ తీసెయ్యమని పట్టుబట్టింది. ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆ పిల్లనే ముఖం కొద్దిగా తిప్పి కూర్చోమని ఇంకో ఫోటో తీశాడు, డబ్బు తీసుకోకుండా. మచ్చ నీడలోకి పోయింది. అబద్ధం ఆడలేదు, అందం తగ్గలేదు. ఇప్పుడు ఫోనులు ఒక్క తాకుడుతో ముఖాన్ని నునుపు చేస్తున్నాయి. ఆ నునుపు చూసినప్పుడల్లా నాకు ఆ మచ్చే గుర్తొస్తుంది. ఫోనుకి ఏది ఉంచాలో తెలియదు. ఆ పాత తారల ముఖాల దగ్గర మనం ఇంకా ఆగుతున్నామంటే కారణం అదే అనుకుంటాను. ఎవరో ఒక మనిషి గంటల తరబడి ఆ ముఖాన్ని చదివి, ఇది తియ్యాలి, ఇది ఉంచాలి అని ఒక్కొక్క చుక్కకీ తీర్పు చెప్పాడు. ఆ గంటలు అందులో ఉన్నాయి.

*

రంగులు అమ్మ వేసేది.

మా ఇల్లు స్టూడియోకి నాలుగిళ్ళ అవతల. మధ్యాహ్నం వంట ముగిశాక మామయ్య పంపిన ఫోటోల కవరు వచ్చేది. ప్రతి ఫోటో వెనక పెన్సిలుతో రాసి ఉండేది: "చీర చిలకపచ్చ, అంచు మిరపపండు. రవిక తెలుపు. గాజులు ఆకుపచ్చ." నలుపు తెలుపు ఫోటోలో చిలకపచ్చా మిరపపండూ ఒకే బూడిదరంగు. అమ్మ పుల్లకి దూది చుట్టి, నూనె రంగు రవ్వంత అద్ది, చెంపల మీద మొదలుపెట్టేది. "ముందు ప్రాణం, తరవాత చీర" అనేది. రంగు ఎక్కువైతే వేలితో తుడిచేస్తుంది. కింది నీడలు కనపడుతూనే ఉండాలి, రంగు వాటి మీద ఆవిరిలా ఉండాలి.

గ్లేజింగు మాత్రం మా పిల్లల పని. తడి ప్రింట్లను మెరిసే రేకుల మీద బోర్లించి, రబ్బరు రోలరు లాగి, డాబా మీద ఎండకు పెట్టేవాళ్ళం. ఆరాక ఒక్కొక్కటే వాటంతట అవే టప్ టప్ మని ఊడేవి. పన్నెండు గంటల ఎండలో ఆ చప్పుడు వింటూ నీడలో కూర్చోవడం నా వేసవి సెలవులన్నిటికీ సరిపడా సంతోషం.

2010లో మాయాబజార్‌కి కంప్యూటరుతో రంగులద్ది విడుదల చేసినప్పుడు అమ్మని హాలుకి తీసుకువెళ్ళాను. అప్పటికి అమ్మకి చూపు మందగించింది. సినిమా అంతా ముందుకు వంగి చూసింది. బయటికి వచ్చాక ఆటో ఎక్కుతూ అడిగింది: "శశిరేఖ చీర రంగు వీళ్ళకి ఎవరు రాసిచ్చారే?" నాకు జవాబు తెలియలేదు. కొంచెం దూరం వెళ్ళాక తనే అంది, "చెంపలు బాగానే వేశారులే." నలుపు తెలుపులో కెమెరామన్ మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల నాకు రంగుల్లో దొరకలేదు. కాని అమ్మ మెచ్చుకుంది కాబట్టి నేను మాట్లాడలేదు.

*

మా ఈడు ఆడపిల్లల నోటు పుస్తకాలకి విజయచిత్ర పేజీలతోనే అట్టలు. 1966లో నాగిరెడ్డిగారి సంస్థ నుంచి వచ్చిన ఆ పత్రిక అచ్చు ఎంత బాగుండేదంటే, చదవడం అయ్యాక చింపడానికి చేతులు వచ్చేవి కావు, అయినా చింపేవాళ్ళం. లెక్కల పుస్తకానికి జమున, సాంఘికశాస్త్రానికి వాణిశ్రీ. మంగలి షాపులో నాగేశ్వరరావు, కిరాణా కొట్టులో క్యాలెండరు మీద రామారావు కృష్ణుడు. ఆ క్యాలెండరు ఏడాది అయిపోయాక చెత్తలోకి పోయేది కాదు. కింది తేదీల కాగితాలు కత్తిరించి, ఫ్రేము కట్టించి, దేవుడి గూట్లో పెట్టుకునేవారు. ఆ ఫ్రేములు కట్టే షాపువాడు మా స్టూడియో పక్కనే. "ఈ వారం ఎన్ని కృష్ణుళ్ళయ్యా?" అని మామయ్య అడిగేవాడు.

*

డిసెంబరు నెలాఖరు. పొద్దున్నే రేడియోలో చెప్పారు. సావిత్రి ఏడాదికి పైగా కోమాలో ఉండి, 1981 డిసెంబరు 26న పోయింది. పేపర్లలో ఆమె చివరి ఫోటో ఒకటి వేశారు. ఎముకలు తేలిన ఆ ముఖాన్ని ఒక్కసారి చూసి అమ్మ పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసింది.

సాయంత్రం స్టూడియోకి వెళ్ళేసరికి షోకేసు ముందు జనం. గట్టిగా ఏడ్చేవాళ్ళు లేరు. బజారుకు వచ్చినవాళ్ళు సంచీలతోనే నిలబడి చూస్తున్నారు. కాయగూరల బండి ముసలమ్మ బండి ఆపుకుని వచ్చింది. ఎవరో బంతిపూల దండ తెచ్చి ఫోటోకి వెయ్యమన్నారు. మామయ్య దండ తీసుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు, కాని ఫోటోకి వెయ్యలేదు. షోకేసు మెట్టు మీద కింద పెట్టాడు.

"వెయ్యవేమయ్యా?" అని ఎవరో గట్టిగానే అడిగారు.

"ఈ ఫోటోలో ఆవిడకి ఇరవై ఏళ్ళండీ" అన్నాడు మామయ్య.

ఆ రాత్రి స్టూడియో మూశాక కూడా షోకేసు దీపం ఆర్పలేదు. కరెంటు ఖర్చు గురించి ఎప్పుడూ జాగ్రత్తగా ఉండే అత్తయ్య ఏమీ అనలేదు. తెల్లవార్లూ వెలిగింది. రెండో ఆట వదిలాక ఇంటికి పోతున్నవాళ్ళు దాని ముందు ఆగడం మా అరుగు మీదికి కనిపిస్తూనే ఉంది.

*

రంగు ఫిల్ములు వచ్చాక పని తగ్గింది. చిన్న కెమెరా, అగ్గిపెట్టెంత నెగటివు. దాని మీద ముఖం గోరంత ఉంటుంది. పెన్సిలు ఎక్కడ పెట్టాలి? రీళ్ళు రంగుల ల్యాబుకు వెళ్ళి, కవర్లలో తిరిగి వచ్చేవి. ఏటవాలు బల్ల మీద రసీదు పుస్తకాలు చేరాయి. అమ్మ రంగుల సీసాలు ఒక్కొక్కటే ఎండిపోయాయి.

ఆ రోజుల్లోనే, బావ చదువు ఫీజు కట్టాల్సిన ఒక నెలలో, మామయ్య పాత ప్లేట్లు అమ్మేశాడు. వెండి తీసేవాళ్ళు వచ్చేవారు అప్పట్లో. నెగటివు మీది నలుపు అంతా వెండే కదా. వేడినీళ్ళలో ఉడికించి పొర ఒలిచేసి, గాజు ఫ్రేములవాడికి, వెండి కంసాలికి. నాలుగు చెక్కపెట్టెలు. ముప్ఫై ఏళ్ళుగా తీసిన పెళ్ళికూతుళ్ళు. బండి వెళ్ళిపోయాక మామయ్య చాలాసేపు ఆ ఖాళీ అరలకేసి చూస్తూ నిలబడ్డాడు. తరవాత ఒక వారానికి పక్క షాపులో కొత్తగా ఫ్రేము కట్టిన వెంకటేశ్వరస్వామి పటం గాజు మూల మీద ఒక చిన్న చెయ్యి కనిపించింది. సరిగా కడగలేదు. గాజులు వేసుకున్న చెయ్యి. మామయ్య ఆ పటం కొని తెచ్చుకున్నాడు.

అమెరికాలోనూ ఇదే జరిగిందని తరవాత చదివాను. స్టూడియోలు గిడ్డంగులు ఖాళీ చేసుకుంటూ గార్బోలనూ డీట్రిక్‌లనూ పారేస్తుంటే, జాన్ కోబల్ అనే ఒక సినిమా పిచ్చివాడు వాటిని పోగుచేశాడు. ముసలివాళ్ళయి, అందరూ మరిచిపోయిన ఫోటోగ్రాఫర్లను వెతికి పట్టుకుని మళ్ళీ ప్రింట్లు తీయించాడు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ ఫోటోలు ప్రదర్శనకు పెట్టారు. మనకి మద్రాసులో సినిమా ఫోటోలు పోగుచేసిన ఫిల్మ్ న్యూస్ ఆనందన్‌గారు ఉండబట్టి వేల స్టిల్స్ మిగిలాయి. పోయినవెన్నో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. వాటిలో మా బోసురోడ్డు పెళ్ళికూతుళ్ళు కూడా ఉన్నారు.

*

భోజనాలయ్యాక వెన్నకాగితం విప్పాను.

అద్దం లేకుండా ఆ ఫోటోను నేను చూడడం అదే మొదటిసారి. అంచులు పసుపెక్కాయి. నలుపు మాత్రం చెక్కుచెదరలేదు. వెనక్కి తిప్పితే మామయ్య కుర్రతనపు రాత: "మొత్తం 18 సెకన్లు. జుట్టు కాపు 4. భుజం అదనం 9." దాని మీదుగా ఎర్ర పెన్సిలుతో ఇంకెవరిదో రాత: "నలుపు. మళ్ళీ తియ్యి." పద్దెనిమిది సెకన్లలో నాలుగు సెకన్లు జుట్టు మీద చెయ్యి అడ్డుపెట్టి వెలుగు కాచాడు. ఇరవై ఏళ్ళ మా మామయ్య అరచెయ్యి నీడ ఆ కొప్పులో ఉంది.

కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, పిడి విరిగిన భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. చుక్కలు లెక్కపెట్టాను. రెండు. పెద్దది పైన కుడివైపు, సన్నది కింద. మూడోది లేదు. చిన్నప్పుడు నేను లెక్కపెట్టిన మూడోది మా షోకేసు దీపం, అద్దం మీద పడి, సరిగ్గా ఆవిడ కంట్లో నిలిచింది.

పెద్ద చుక్కలో అడుగున చిన్న నొక్కులాంటి నలుపు ఉంది. భూతద్దం ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. దీపం పక్కన నిలబడ్డ మనిషి తల, భుజం. ఫోటో తీసినాయన.

"అత్తయ్యా, ఒకసారి ఇటు రా" అని పిలిచి భూతద్దం ఆవిడ చేతికిచ్చాను.